మంగళవారం, శనివారం చల్లబడని మెషీన్

ఫోన్ చేసి వెళ్ళడం మర్యాదే. కానీ మెకానిక్‌కి ఆ మర్యాద పనికిరాదని తెలుసుకోవడానికి నాకు దాదాపు ఉద్యోగమంతా పట్టింది. ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో ఫ్రిజ్‌లు, ఏసీలు నేర్చుకుంటున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుని మిగతాది తీరిగ్గా చదవండి.

నాది టెక్కలి. చల్లటి మెషీన్లు బాగుచేసి బతికాను గానీ, నేను మాత్రం చల్లటి మనిషిని కాను. కోపం ముక్కు మీదే ఉండేది. మా ఆవిడ ఇప్పటికీ నన్ను ఇంట్లో హీటరు అంటుంది. ఎదుటి మనిషి మాట పూర్తి చేసేలోపే నాకు జవాబు తెలిసిపోయినట్టు ఉండేది. ఇప్పుడు చెప్పబోయే గొడవంతా ఆ గుణం వల్ల వచ్చిందే కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

కుర్రతనంలో భావనపాడు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరాను. అక్కడి పెద్దమేస్త్రి నా గురువు. పెద్దగా చదువుకోలేదు. మెషీన్ ఆగిపోయిందని కబురొస్తే అందరూ పరిగెత్తేవాళ్ళు, ఆయన మాత్రం పరిగెత్తేవాడు కాదు. చేపలకు ఐసు కొట్టే ఆడవాళ్ళు కూర్చునే గట్టు మీదికి వెళ్ళి, వాళ్ళ మధ్య చతికిలబడి, వాళ్ళు పోసిన టీ తాగుతూ కబుర్లు మొదలుపెట్టేవాడు. "ఏటమ్మా, నిన్న ఎలగున్నాది? ఐసు ఎప్పుడు మెత్తబడింది? సప్పుడేటైనా ఇన్నారా?" అని అడిగేవాడు. అదంతా అయ్యాకే స్పానరు పట్టేవాడు. ఓనరు పళ్ళు కొరుక్కునేవాడు. నాక్కూడా ఒళ్ళు మండేది.

ఆయన నాకు రెండు పాఠాలు చెప్పాడు. మొదటిది ఇది. "ఒరే, సల్లదనం తయారు సెయ్యడం ఎవుడికీ రాదు. లోపలున్న వేడిని మోసుకెల్లి బైట పారెయ్యడమే మన పని. అందుకే ముందు ఎనక్కెల్లి సెయ్యి పెట్టి సూడు. ఎనక వేడిగాలి వత్తంటే లోపల సల్లగున్నట్టే." రెండోది, "మెసీన్ని అడుగు, దాని కాడ బతికేవోల్నీ అడుగు." మొదటి పాఠం నేను ఒంటబట్టించుకున్నాను. రెండోది ఆయన టీ తాగడానికి చెప్పే వంక అనుకున్నాను.

ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నేను ఇళ్ళలో ఫ్రిజ్‌లు, చేపల కంపెనీల్లో కోల్డ్ రూములు చేసుకుంటూ వచ్చి, ఉద్యోగం చివరి సంవత్సరాల్లో వెండింగ్ మెషీన్లు పెట్టే ఒక కంపెనీలో తేలాను. మీరు చూసే ఉంటారు. నిలువెత్తు డబ్బా, ముందు అద్దం, లోపల వరుసగా సీసాలు. ఫోన్‌తో స్కాన్ చేస్తే స్ప్రింగు తిరిగి సీసా కింద పడుతుంది. మనిషి అక్కర్లేదు. కాకినాడలోనో విశాఖలోనో కొన్నాళ్ళు వాడిన మెషీన్లను మా వైపు పంపేవాళ్ళు. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా వాటిని చూసుకునే పని నాది.

పైన ఎన్ని లైట్లు వెలిగినా లోపల జరిగేది మన ఇంటి ఫ్రిజ్‌లో జరిగేదే. అడుగున ఉన్న కంప్రెసర్ గ్యాసును గట్టిగా నొక్కుతుంది. నొక్కేసరికి గ్యాసు వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాసు వెనక ఉన్న గొట్టాల చుట్టలోకి పోతే, ఫ్యాను గాలి తోలి ఆ వేడిని బయటికి తోసేస్తుంది. వేడి దిగిపోయాక గ్యాసు నీరులా మారుతుంది. సన్నటి గొట్టంలోంచి దూరి సీసాల దగ్గరున్న చుట్టలోకి వెళ్ళి, అక్కడ మళ్ళీ ఆవిరవుతూ సీసాల్లోని వేడిని లాక్కుంటుంది. లాక్కున్న వేడితో మళ్ళీ కంప్రెసర్ దగ్గరికి వస్తుంది. రోజంతా ఇదే తిరుగుడు. కంప్రెసర్ మరీ వేడెక్కితే కాలిపోకుండా దాని పక్కన ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. అది కరెంటు తెంపేసి, చల్లారాక మళ్ళీ కలుపుతుంది. ఆ బిళ్ళతో మనకు కాసేపట్లో పని పడుతుంది.

అక్కుపల్లి ఒడ్డున షికారుకొచ్చేవాళ్ళ కోసం వేసిన సిమెంటు షెడ్డులో మా మెషీన్ ఒకటి పెట్టాం. దాన్ని చూసుకోవడానికి ఆ ఊరి ఆవిడనే కుదిర్చారు. నలభై ఏళ్ళుంటాయేమో. అంతకు ముందు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. భర్త బోటు మీద ఇంజను చూసుకునేవాడు. ఉద్దానంలో చాలా ఇళ్ళకు వచ్చిన కిడ్నీ జబ్బే ఆ ఇంటికీ వచ్చింది. వారానికి రెండు రోజులు, మంగళవారం, శనివారం, పలాసలో డయాలసిస్. మనిషి నీరసపడిపోయాడు. ఒక్కడూ వెళ్ళి రాలేడు. గంప మోస్తే ఆవిడ అతని వెంట వెళ్ళలేదు, అతని వెంట వెళ్తే గంప మొయ్యలేదు. మొదట్లో కొన్నాళ్ళు అతను ఒక్కడే వెళ్ళి, తిరుగు దారిలో పూండి దగ్గర ఆటోలోంచి దిగి రోడ్డు పక్కన పడిపోయాడట.

మెషీన్ పెట్టిన రోజున ఆవిడ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి అడిగిన ప్రశ్న ఒక్కటే.

"బాబూ, నాను లేకపోయినా ఇది ఒక్కర్తే అమ్ముతాదేటి?"

"అందుకే కదమ్మా పెట్టింది."

"అయితే మంగలారం, సెనివారం నాను ఆడితో ఎల్లొచ్చు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం చూసినవాడెవడూ మర్చిపోడు. నేను మాత్రం అప్పుడు స్క్రూలు బిగిస్తున్నాను. లేచి, బ్యాగు సర్దుకుంటూ, నా పద్ధతిలో ఒక హెచ్చరిక పడేశాను. "చూడమ్మా, ఈ మెషీన్‌కి శత్రువు ఉప్పుగాలి. వెనక భాగానికి ఉప్పుగాలి తగలనిచ్చావంటే ఆరు నెలల్లో తుప్పు పట్టి చస్తుంది. నీదే పూచీ." రోజూ తడిగుడ్డతో తుడవాలని నా మనసులో ఉంది. అది నోటితో చెప్పలేదు. "ఎలగ బాబూ" అని ఆవిడ ఏదో అడగబోయింది. నేనప్పటికే ఆటో ఎక్కేశాను.

నెల తిరక్కుండా ఫిర్యాదులు మొదలయ్యాయి. అద్దం మీద మా కంపెనీ నంబరు ఉంటుంది. సముద్రం చూడ్డానికి వచ్చిన కాలేజీ పిల్లలు ఫోన్ చేసి, సీసా వేడిగా ఉంది, కషాయంలా ఉంది అని తిట్టేవాళ్ళు. ఆ తిట్లు విశాఖలో ఉన్న మా ఇన్‌ఛార్జికి పోయేవి. ఆయన నాకంటే చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు. తిట్లన్నీ చక్కగా వడకట్టి నాకు చెప్పేవాడు.

నేను వెళ్ళాను. పలాసలో బస్సు దిగగానే ఆవిడకు ఫోన్ చేసి, గంటలో వస్తున్నాను, ఉండు అన్నాను. వెళ్ళేసరికి మెషీన్ బుద్ధిగా తిరుగుతోంది. వెనక చెయ్యి పెట్టాను. వేడిగాలి కొడుతోంది. గురువుగారి లెక్కన అంతా బాగున్నట్టే. అయినా వచ్చినందుకు థర్మోస్టాట్ మార్చి వచ్చాను. మళ్ళీ ఫిర్యాదు. మళ్ళీ వెళ్ళాను. గ్యాసు కొలిచాను, సరిగ్గానే ఉంది. ఒడ్డున వోల్టేజి ఊగుతోందేమోనని స్టెబిలైజర్ పెట్టించాను. మళ్ళీ ఫిర్యాదు.

అప్పుడు కూర్చుని ఫిర్యాదుల తేదీలన్నీ కాగితం మీద రాసుకున్నాను. అన్నీ మంగళవారాలు, శనివారాలు. ఆవిడ ఊళ్ళో లేని రోజులు అవే. ఇంకేముంది, వెళ్తూ వెళ్తూ ప్లగ్గు తీసేసి వెళ్తోందని తేల్చేశాను. నాలాంటి తెలివైనవాడికి సందేహం రావడమే ఆలస్యం, తీర్పు రావడం ఆలస్యం కాదు.

రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని ఒక శనివారం బయల్దేరాను. పలాసలో బస్సు దిగాను. అలవాటు కొద్దీ ఆవిడకు ఫోన్ చేసి, మీ ఊరు వస్తున్నానని చెప్పాను. దొంగను పట్టుకోవడానికి పోతూ దొంగకే కబురు పెట్టే పోలీసు లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. వెళ్ళేసరికి ప్లగ్గు పెట్టే ఉంది, మెషీన్ నడుస్తోంది, కానీ సీసాలు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. అప్పుడప్పుడే చల్లబడుతున్నాయి. నా అనుమానం గట్టిపడింది. నా ఫోన్ అందగానే ఎవరికో చెప్పి ప్లగ్గు పెట్టించిందన్నమాట.

మర్నాడు ఆవిడను నిలదీశాను.

"పలాస వెళ్ళేటప్పుడు ప్లగ్గు తీసేసి వెళ్తున్నావు కదూ?"

"అమ్మతోడు, తియ్యలేదు బాబూ."

"మరేం చేసి వెళ్తున్నావు?"

"ఏటి సేత్తాను? మీరు సెప్పినట్టే జాగర్త సేసీసి ఎల్తన్నాను."

"నేను చెప్పినట్టు చేస్తే మెషీన్ ఇలా ఏడుస్తుందా? మాటలు చెప్పకు."

ఆవిడ తల దించుకుంది. పిల్లలూ, ఆ జవాబు మళ్ళీ చదవండి. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. జాగ్రత్త అంటే ఏం చేస్తున్నావమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే అక్కడితో తేలిపోయేది. తలుపు మూసి వెళ్ళడం ఎంత మామూలో ఆవిడకు ఆ జాగ్రత్తా అంతే మామూలు. అడక్కుండా తనంతట తాను చెప్పాల్సిన సంగతని ఆవిడకెలా తోస్తుంది? పైగా నా నోటికి ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఇంటికి వచ్చి రిపోర్టు రాసి పంపాను. ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల మెషీన్ చల్లబడటం లేదు, మెషీన్‌ని అక్కడి నుంచి తీసి వేరేచోట పెట్టడం మంచిది అని. ఇన్‌ఛార్జి మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఇచ్ఛాపురం బస్టాండులో పెడదాం, లారీ పంపిస్తున్నాను, దగ్గరుండి ఎక్కించండి, ఏ రోజో మీరే చెప్పండి అన్నాడు.

నేను మంగళవారం అని చెప్పాను. దాచుకోవాల్సిన పని లేదు, సిగ్గుపడాల్సిన పని మాత్రం ఉంది. ఆవిడ ఊళ్ళో ఉండదని తెలిసే ఆ రోజు ఎంచుకున్నాను. నిలదీసేటప్పుడు ఉన్న ధైర్యం, ఆవిడ కళ్ళ ముందు మెషీన్ పట్టుకుపోవడానికి నాకు లేకపోయింది. అందుకే ఆ రోజు ఫోన్ కూడా చెయ్యలేదు. తీసుకుపోయేవాడికి ఫోన్ ఎందుకు?

లారీ డ్రైవరు పలాసవాడు, హుషారైన కుర్రాడు. దారిపొడవునా జీడితోటల మీద కబుర్లు చెబుతూ నన్ను మావా, మావా అంటూ తీసుకెళ్ళాడు. పదింటికి ఒడ్డుకు చేరాం. సముద్రం మీంచి గాలి జోరుగా కొడుతోంది. లారీ వెనక్కి తిప్పుతూ వాడు షెడ్డు వైపు చూసి బ్రేకేశాడు.

"మావా, ఇదేటి, సలిజొరమొచ్చినట్టు దీనికి దుప్పటి కప్పినారు?"

దిగి చూశాను. పడవల మీద కప్పే నీలం టార్పాలిన్ మెషీన్ వెనక వైపంతా, పక్కలంతా ఒంటికి అతుక్కున్నట్టు చుట్టి ఉంది. ముందు అద్దం, సీసా పడే చోటు మాత్రం వదిలారు. పైన నైలాను తాడుతో ముడి మీద ముడి. అడుగున గాలి పోయే జాలీలో పాత వల ఉండలు చుట్టి కుక్కారు. ఎంత శ్రద్ధగా చేశారంటే, ఒక్క ఇసుక రేణువు కూడా లోపలికి పోయే సందు లేదు. గాలి కూడా అంతే.

వల కాస్త లాగి లోపలికి చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. కంప్రెసర్ పెనంలా కాలుతోంది. చూస్తుండగానే టక్కుమని ఆగిపోయింది. ఇందాక చెప్పిన బిళ్ళ అది. వేడి బయటికి పోయే దారి లేక, కంప్రెసర్ ఉడికిపోయి, బిళ్ళ కరెంటు తెంపుతోంది. చల్లారాక కలుపుతోంది. మళ్ళీ ఉడుకుతోంది. పొద్దుటి నుంచి సీసాలకు చల్లబడే యోగం లేదు.

ముళ్ళు విప్పబోతే నాకు చేతకాలేదు. డ్రైవరు కత్తి తీశాడు. వద్దన్నాను. షెడ్డు పక్కన నీడలో ఒక ముసలాయన వల అల్లుకుంటున్నాడు. నేను వచ్చిన ప్రతిసారీ అక్కడే ఉండేవాడు. ఒక్కసారి కూడా పలకరించలేదు. ఆయనే లేచి వచ్చి, తాడు కొస పట్టి ఒక్క లాగు లాగాడు. ముళ్ళన్నీ జారిపోయాయి.

"ఇది ఎవరు కట్టారు పెద్దాయనా?" అన్నాను.

"ఇంకెవులు కడతారు? అదే. ఉప్పుగాలి తగిల్తే సచ్చిపోద్దని మీరే సెప్పినారంట కద బాబూ. ఊల్లో ఉన్న రోజున గంటకోపాలి తడిగుడ్డెట్టి తుడుత్తాది. రాత్రేల గాలి గట్టు మీంచి సముద్రం మీదికి పోద్ది గదా, అప్పుడు ఉప్పుండదు. పలాస ఎల్లిన రోజునే తుడిసేవోలు లేరని ఇలగ కప్పీసి ఎల్తాది. మేం పడవ ఇంజనుకి ఇలగే కడతాం."

"మరి నేను వచ్చినప్పుడెప్పుడూ ఇది కనపడలేదే?"

"మీరొత్తన్నారని ఫోనొత్తే, పని సేసుకోడానికి మీకడ్డమని ఇప్పీమంటాది. అదున్న రోజున అసలు కప్పదు. పలాస ఎల్లిన రోజున నాకు ఫోను సేత్తాది. నానే ఇప్పుతాను."

డ్రైవరు నా ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. నేను షెడ్డు గట్టు మీద కూలబడ్డాను. ఇంటికి చుట్టమొస్తున్నాడంటే వాకిలి ఊడ్చి ఉంచినట్టు, నేను వస్తున్నానంటే ఆవిడ మెషీన్‌ని విప్పి ఉంచింది. ఆ మర్యాదే నా కళ్ళు కప్పింది. ఉప్పుగాలి తగలనివ్వకు అన్న నా సగం మాటను ఆవిడ పూర్తిగా పాటించింది. దానికి నేను నిర్లక్ష్యం అని పేరు పెట్టి, సంతకం కూడా చేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో అంత సిగ్గు నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాను.

"మెషీన్ తియ్యక్కర్లేదండి. లోపం తెలిసింది."

"మరి రిపోర్టులో ఆపరేటర్ తప్పని మీరే రాశారు కదండీ?"

"ఆ రిపోర్టు తప్పు."

"అయితే తప్పు ఎవరిది మేస్త్రిగారూ?"

"నాది."

టార్పాలిన్ సంగతంతా చెప్పాను. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఆ టార్పాలిన్ తీసేస్తే ఉప్పుగాలికి వెనక గొట్టాల కాయిల్ పోతుంది. కప్పితే చల్లబడదు. ఎటు చూసినా ఆ మెషీన్ అక్కడ నిలవదు. లారీ వచ్చేసింది కాబట్టి ఎక్కించేయడం మేలు కదా?" అతని మాటలో న్యాయం ఉంది. అయినా నోరు ఊరుకోదు కదా. "నాలుగు గంటల దాకా టైమివ్వండి. సీసా చల్లబడాలి, ఉప్పుగాలికి ఉపాయం దొరకాలి. రెండూ అవ్వకపోతే నేనే ఎక్కించి పంపుతాను" అనేశాను.

అన్నాక భయం పట్టుకుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూశాను, గాలికి ఎగిరిపోయింది. మెషీన్‌ని గోడ వైపు తిప్పి చూద్దామంటే వెనక జానెడు జాగా కూడా ఉండదు. కంప్రెసర్ చల్లారి మళ్ళీ మొదలైంది గానీ, సీసాల దగ్గర పెట్టిన థర్మామీటరు ముల్లు కదలడానికి బద్ధకిస్తోంది.

రెండు దాటాక ఆటో వచ్చింది. ముందు ఆవిడ దిగింది. భర్తకు చెయ్యి ఇచ్చి దింపింది. అతని చేతికి పట్టీ కట్టి ఉంది, మనిషి వాడిపోయి ఉన్నాడు. ఆవిడ లారీని చూసింది, విప్పిన టార్పాలిన్‌ని చూసింది, నన్ను చూసింది.

"తీసుకెల్లిపోతన్నారా బాబూ?" అంది.

"లేదమ్మా" అని మొదలుపెట్టాను. నా జీవితంలో అంత కష్టపడి మాట్లాడింది లేదు. నేనే సగం చెప్పాననీ, నేనే తప్పుగా రాశాననీ, ప్లగ్గు తీసేశావని నిన్ను అన్నందుకు క్షమించమనీ చెప్పాను. వెనకనుంచి వేడి పోతేనే లోపల చల్లబడుతుందని కూడా చెప్పాను. ఆవిడ క్షమించడం సంగతి ఎత్తలేదు. చివరి మాట దగ్గరే ఆగిపోయింది.

"అంటే, గంప తీసుకెల్లి సంతలో దించకండా మల్లీ తెచ్చీసినట్టా? గంప నిండుగుంటే కొత్త సేపలెక్కడ పోత్తాం?"

అంతే. నా గురువు నాకు ఏడాది పాటు చెప్పింది ఆవిడకు ఒక్క నిమిషంలో అర్థమైంది. "ముందే సెప్పుంటే కట్టకపోదును కద బాబూ" అంది. అందులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా బాధ వేసింది.

భర్త గట్టు మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. ఓపిక తెచ్చుకుని నెమ్మదిగా అన్నాడు.

"బోటు మీద ఇంజను నడిసేటప్పుడు దానికి బరకం కప్పం బాబూ. ఊపిరాడదు. గాలొచ్చే పక్క తడిక కడతాం, ఇంజనుకి మూరెడు ఎడంగా. ఉప్పూ ఇసకా తడిక్కి కొట్టుకుంటాయి. గాలి పక్కల్నించి తిరిగొత్తాది. ఇది పడుకున్న ఇంజను కాదు, నడిసే ఇంజను. మా ఆడదానికి ఆ తేడా తెల్దు."

నాకూ తెలియలేదు. పడవ ఒడ్డున ఉన్నప్పుడు ఇంజనుకు ఎలా కడతారో ఆవిడ చూసింది, సముద్రంలో నడుస్తున్నప్పుడు ఎలా ఉంచుతారో చూడలేదు. నా ఉప్పుగాలి సమస్యకు జవాబు ఆ ఇంట్లోనే మంచం మీద ఉంది. నేనే అడగలేదు.

ఆ మధ్యాహ్నం జరిగింది తలచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. డ్రైవరు లారీ వేసుకుని పోయి దగ్గర తోటలోంచి కొబ్బరి మట్టలు తెచ్చాడు. ముసలాయన వల పక్కన పెట్టేసి తడిక అల్లడానికి కూర్చున్నాడు. ఆవిడ ఆయనకు మట్టలు చీల్చి అందించింది. భర్త కూర్చున్నచోటి నుంచే ఇంకాస్త ఎడంగా, ఇంకాస్త ఏటవాలుగా అంటూ చెప్పాడు. నేను కర్రలు పాతాను. ఎవరూ నన్ను మాట అనలేదు. డ్రైవరు ఒక్కడే, "మావా, నువ్వు సదివింది ఏటి, ఇక్కడ నేర్సుకుంటున్నది ఏటి" అన్నాడు. వాడికి ఆ హక్కుంది.

నాలుగు కావస్తుండగా థర్మామీటరు చూశాను. నాలుగు డిగ్రీలు. ఒక సీసా తీసి భర్త చేతికిచ్చాను. ఇచ్చాక నాలుక కరుచుకున్నాను. డయాలసిస్ మనిషి నీళ్ళు గుటకల లెక్కన తాగాలి. అతను నా ఇబ్బంది కనిపెట్టి నవ్వాడు. సీసాను చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"తాగడానికి లేదు గదా. ఇలగైనా సూత్తాను" అన్నాడు. కాసేపయ్యాక, "సల్లగున్నాది" అన్నాడు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని సముద్రం వైపు తిరిగింది. నేను థర్మామీటరు ఫోటో, తడిక ఫోటో ఇన్‌ఛార్జికి పంపాను. ఆయన ఫోన్ చేసి, ఈ తడిక కంపెనీ రూల్సులో లేదండీ అన్నాడు. రూల్సులో అక్కుపల్లి కూడా లేదండీ అన్నాను. నవ్వి, సరే, ఉంచేయండి అన్నాడు. ఆ కుర్రాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు, రిపోర్టు మార్చక్కర్లేదు, నేను సర్దేస్తానని కూడా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ రాత నా చేత్తోనే కొట్టెయ్యాలి. మెషీన్‌లో లోపం లేదు, ఆపరేటర్‌లో లోపం లేదు, అమర్చిన మెకానిక్ సగం మాట చెప్పి వెళ్ళాడు అని రాసి సంతకం పెట్టాను.

లారీ ఖాళీగా వెనక్కి పోయింది. పలాస దాకా డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు, పెళ్ళి బస్సు తోలుతున్నట్టు.

ఆ శనివారం నేను మళ్ళీ బయల్దేరాను. పలాసలో బస్సు దిగాను. చెయ్యి అలవాటుగా జేబులో ఫోను మీదికి పోయింది. తియ్యలేదు. ఆటో పట్టుకుని పూండి మీదుగా ఒడ్డుకు వెళ్ళాను. షెడ్డు దగ్గర ఆవిడ లేదు. మెషీన్ దాని పాటికి అది నడుస్తోంది. ఇద్దరు కాలేజీ పిల్లలు చెరో సీసా తీసుకుని, చల్లగా ఉందిరా అనుకుంటూ వెళ్ళిపోయారు. నేను తడిక పక్కనుంచి వెనక్కి వెళ్ళి చెయ్యి పెట్టాను. అరచేతి మీద వేడిగాలి కొట్టింది.

వల అల్లుకుంటున్న ముసలాయన తలెత్తాడు. "అది లేదు బాబూ. ఆడితో పలాస ఎల్లినాది" అన్నాడు.

"తెలుసు పెద్దాయనా" అన్నాను. బ్యాగు విప్పలేదు. ఆయన పక్కన ఇసుకలో చతికిలబడి, ఆయన పోసిన టీ అందుకుని అడిగాను.

"ఏటి పెద్దాయనా, ఈ వారం ఎలగున్నాది?"